కూత ఆగితే

బేస్‌మెంట్ పార్కింగులో కార్లన్నీ వెళ్లిపోయాయి. మూలన ఒక్క ట్యూబ్‌లైటు మిగిలింది. స్కేటింగ్ పోటీ పోస్టరు కోసం, స్కేట్స్ మీద దూసుకెళ్లే చెల్లెల్ని అక్క ఫోటోలు తీస్తోంది. కెమెరా షటర్ అర సెకను తెరిచి ఉంచి చివర్లో ఫ్లాష్ వేస్తే, మనిషి స్పష్టంగా, ఆమె వేగం చారల్లా పడుతుంది. వేసిన ప్రతిసారీ ఫ్లాష్ సన్నగా కూస్తూ ఛార్జి అవుతుంది. కూత ఆగితే మళ్లీ సిద్ధమైనట్టు.

ఎనిమిదో ఫోటోలో చెల్లెలికి రెండు ముదురు నీడలున్నాయి. మూలనున్న ట్యూబ్‌లైటుకి అంత నీడ పడదు. ఉన్నది ఒక్క ఫ్లాషే.

"మొహం అలా పెట్టావేంటక్కా? నా మోకాళ్లు అరిగిపోతున్నాయి తల్లీ!"

"ఇంకొక్కసారి. ఇదే ఆఖరు."

అక్క ఫ్లాష్ ఆపేసింది. ఇప్పుడు మసక చారలు తప్ప ఏమీ పడకూడదు. చెల్లెలు జర్రున సాగిపోయి స్తంభాల వెనక్కి మలుపు తిరిగింది. ఎక్కడా ఏదీ మెరవలేదు.

కెమెరా తెరలో మాత్రం చెల్లెలు పట్టపగల్లా స్పష్టంగా ఉంది. ఆమె పాదాల దాకా పొడుగ్గా ఒక నీడ పాకింది. కెమెరా పట్టుకున్న మనిషి నీడ. తనదే. అంటే వెలుగు తన వెనక నుంచి పడింది.

స్తంభాల అవతల నుంచి చెల్లెలు అరిచింది. "ఆ కూత ఆగగానే చెప్పు, వచ్చేస్తా!"

ఆపేసిన ఫ్లాష్ అక్క చేతిలో చల్లగా ఉంది. కూత ఆమె మెడ వెనక నుంచి వస్తోంది.

ఆగింది.