నీలం నురుగు

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనైన హర్షిత నెలకోసారి ఆ సబ్బుతో స్నానం చేయాలి. జబ్బు ఒంట్లో ఎక్కడ ఉంటే సరిగ్గా అక్కడ నురుగు నీలంగా మారుతుంది. ఇప్పుడు ఆ సబ్బు లేని ఇల్లు లేదు.

చెయ్యి ఇంకా పైకి లేవకపోవడంతో తోటికోడలు లాస్య వీపు రుద్దుతోంది. హర్షిత కళ్లు గట్టిగా మూసుకుంది.

“ఎక్కడన్నా నీలం కనబడుతోందా అక్కా?”

“లేదే! పాలలా తెల్లగా ఉంది. ఇంక భయపడకు,” అని నవ్వి, లాస్య సబ్బు చేత్తోనే మెడ మీది చెమట తుడుచుకుంది.

హర్షిత ఊపిరి పీల్చుకుని కళ్లు తెరిచింది. లాస్య గొంతుకి అంటిన నురుగు నెమ్మదిగా నీలమవుతోంది.

“ఏంటే అలా చూస్తున్నావ్?” అంటూ లాస్య అద్దం వైపు తిరగబోయింది.

హర్షిత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అద్దంలో వద్దక్కా. నావైపు చూడు. నేను చెప్తాను.”