నీడకు ధర

"ఎల్లేశం, రేపు పెద్దసారు వస్తుండు. నీ తోపు కండ్లార చూసినంకనే సాయం మంజూరు," అని ఫోన్‌లో చెప్పాడు పథకం చూసే నాగేందర్.

పథకం లెక్క తేలిక. కోకో మొక్కకు నీడ కావాలి. చెట్లు నరక్కుండా వాటి కింద కోకో పెట్టిన రైతుకు సర్కారు బోరు వేయిస్తుంది. నల్గొండ ఎండల్లో నీడకూ ధర పలికే రోజులొచ్చాయి.

అందుకే కట్టెల వ్యాపారి హనుమంతు ఎంత బేరమాడినా ఎల్లేశం తోపులో చెట్లు అమ్మలేదు, వాటి కింద కోకో పెట్టాడు.

"చేతిల పడే పైసలు వద్దంటివి. సర్కారు బోరు రాకుంటే మొక్కలకు నా కన్నీళ్లు పోస్తవా?" అని భార్య గుర్వమ్మ దెప్పింది. పాత బోరు అప్పటికే దగ్గుతోంది.

అంతలో మళ్లీ ఫోన్ మోగింది. నాగేందరే.

"పెద్దసారు ఎండకు తాళడు. సభకు నీడ చూడు."

"మా తోప్లనే కూసోరాదు సారూ?"

"గాడికి కార్లు రావు. రోడ్డు పక్క బీడులనే సభ."

"అయితే షామియానా కిరాయికి తెస్త."

"గుడ్డలు, ప్లాస్టిక్ వద్దయ్యా! ఇది పర్యావరణ సభ. అంతా పచ్చగుండాలె."

మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేసి, మూడొందల మంది వస్తారన్నాడు. సాయంత్రం ఇంకోసారి చేసి, కార్లకూ నీడ కావాలన్నాడు. దారికి పెద్ద స్వాగత ద్వారం కూడా.

"అట్లనే సారూ," అన్నాడు ఎల్లేశం. ఇచ్చేవాడితో బేరమాడితే మొదటికే మోసం.

మర్నాడు పచ్చాకుల పందిరి కింద పెద్దసారు హాయిగా కూర్చున్నాడు. ఎల్లేశానికి శాలువా కప్పాడు. చెట్టు గొప్పతనం మీద గంటసేపు మాట్లాడాడు. వెనక వరుసలో హనుమంతు ముసిముసిగా నవ్వుతున్నాడు.

ఫొటోలు తీయడానికి ముందుగా తోపుకు వెళ్లిన నాగేందర్ రొప్పుతూ తిరిగొచ్చాడు.

"సార్! ఆడ ఒక్క చెట్టు లేదు. అన్నీ మొద్దులే. కోకో మొక్కలు ఎండకు మాడుతున్నయి!"

పెద్దసారు ముఖం ఎర్రబడింది.

"శాలువా కప్పించుకొని చెట్లు అమ్ముకున్నావా?"

అందరూ హనుమంతు వైపు తిరిగారు. అతడు ఉలిక్కిపడి లేచాడు.

"నా మీదికి తేకుండ్రి సారూ! నాకు పుల్ల గూడ అమ్మలె!"

గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం శాలువా తీసి, మడతపెట్టి, బల్ల మీద ఉంచాడు. తర్వాత చెయ్యెత్తి పైకి చూపించాడు.

"ఒక్క చెట్టు గూడ ఏడికీ పోలె సారూ, అన్నీ మీ నెత్తి మీదనే ఉన్నయి."