వసారాలో దీపం

“మళ్లీ వచ్చావా? ఆ మూడో మెట్టు మీద మంచుంది, చూసి అడుగెయ్యి. మా ఐలీ కడుపుతో ఉన్నప్పుడు నేను పోసిన మెట్లివి. ఇన్ని చలికాలాలు చూశాయా, ఒక్క బీట చూపించు!” అన్నాడు ఆర్వో లహ్తి, తలుపు తీస్తూ.

“మీ మెట్లకేం ఢోకా లేదు లెండి,” అంది మారెట్.

“మీ ఆఫీసు మెట్లు టీవీలో చూశాను. మీ పెద్దావిడ వాటిమీద నిలబడి, ప్రజల సొమ్ము తిన్నవాళ్లచేత అంతా కక్కిస్తానంటోంది. ఆవిడ కాళ్ల కిందే బీటలు. ముందు వాటి సంగతి చూసుకోమను.”

మారెట్‌కి నవ్వు రాలేదు. ఇది నాలుగో రాక. ఆమె రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గర లాయరు; ఆయన పెద్దావిడ అన్నది ఆ అటార్నీ జనరల్‌నే. రాజధాని నుంచి ఏడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, ఒక ముసలాయన్ని ఆయన భార్య ఐలీ బూడిద ఇమ్మని అడుగుతోంది. ఇలాంటి ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు పోతే దహనం ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంటుంది. ఈ ఊళ్లో అంత్యక్రియల వ్యాపారం చేసే డ్వేన్ ప్రికెట్, రెండేళ్లలో అరవై శవాలు కాల్చానని ఖజానా నుంచి డబ్బు తీసుకున్నాడు. తీరా ఆరా తీస్తే, బిల్లు కట్టలేదని అతని దహనపు కొలిమికి గ్యాసు ఆపేసి రెండేళ్లయింది. మరి బూడిద అని ఇంటింటికీ ఇచ్చిన డబ్బాల్లో ఉన్నదేమిటి? పొరుగూళ్లో కాల్పించానంటాడు ప్రికెట్. అది అబద్ధమని తేల్చాలంటే ఒక్క డబ్బా అయినా చేతికి రావాలి. మంచు కరగగానే బూడిదను సరస్సులో కలిపెయ్యడం ఈ ప్రాంతం ఆనవాయితీ. మారెట్ కదిపిన ప్రతి ఇంట్లోనూ ఆ పని ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఐలీ ఒక్కతే. సోమవారంలోగా సాక్ష్యం చూపకపోతే కేసు కొట్టేస్తానన్నాడు జడ్జి.

వంటింటి బల్లమీద రెండు కప్పులు. వాటి మధ్య రేకు డబ్బా. ఆర్వో డబ్బా పక్కన ఉన్న కప్పులో కాఫీ నింపి, యాలకుల రొట్టె ముక్క ఒకటి దాని దగ్గరకు జరిపాడు. తర్వాత చక్కెర బిళ్ల పంటికింద పెట్టుకుని, తన కాఫీ సాసరులో పోసుకుని జుర్రాడు.

“పట్టపగలు వసారాలో దీపమెందుకండీ?” అంది మారెట్, ఏదో ఒకటి మాట్లాడాలని.

“ఐలీ కోసం. పొద్దువాలితే వస్తుంది. మెట్లెక్కుతుంది. తలుపుదాకా వచ్చి ఆగిపోతుంది. లోపల ఇంకెవరో ఉన్నారనుకుంటుందో ఏమో.”

ఐలీ పోయిన ఈ ఏడాదిన్నరగా ఆయన కాఫీ పోస్తున్నది ఆ డబ్బాకే కదా, మరి బయట తిరిగే ఐలీ ఎవరు? ముసలాయనకు మతి తప్పుతోందనుకుంది మారెట్. జాలేసింది. ఆ జాలి చంపుకునే మాట్లాడింది.

“మీరివ్వకపోతే ప్రికెట్ దర్జాగా బయటపడతాడు, లహ్తిగారూ.”

“ఇస్తే? నా పెళ్లాన్ని సీసాలో పోసి నంబరేస్తారు. ఇది ఐలీ కాదని కాగితం రాస్తారు. వాడి చేతికి తనని అప్పగించింది ఎవరనుకున్నావు? నేనే. ఆ సంతకం నాదే. రేపు కాగితం చూపించి కాదంటే, అప్పుడు ఐలీ ఎక్కడుందో నువ్వు చెప్తావా?”

“చెప్తాను. కాదని తేలితే ప్రికెట్ స్థలం తవ్వడానికి కోర్టు ఆర్డరిస్తుంది. దొరికేదాకా తవ్విస్తాను.”

“దగ్గరుండి?”

“దగ్గరుండి.”

ఆర్వో చొక్కా చేతితో డబ్బా మూత తుడిచి, రెండు చేతులా ఎత్తి ఆమెకిచ్చాడు.

“తడి తగలనీకు,” అన్నాడు.

శుక్రవారం ప్రయోగశాల నుంచి, అది ఐలీ కాదని కాగితం వచ్చింది. సోమవారం ఆర్డరొచ్చింది. నేల ఇంకా గడ్డకట్టే ఉంది, గునపాలు దిగకపోతే యంత్రాలు తెప్పించారు. కొలిమి షెడ్డు వెనక మూడు రోజులు తవ్వించింది మారెట్. తుంటిలో అమర్చిన లోహపు కీలు మీది నంబరును బట్టి ఐలీని గుర్తుపట్టారు.

మర్నాడు ఆర్వో ఇంటికి వెళ్తూ మారెట్ దారి పొడవునా ఒకటే వల్లె వేసుకుంది, ఆ మాట ఎలా చెప్పాలని. ఐలీ దొరికిందని చెప్పగలదు. కానీ ఏడాదిన్నరగా ఆయన కాఫీ పోసి, కబుర్లు చెప్పి, పక్కన కూర్చోబెట్టుకున్నది దేన్నో చెబితే ఆ మనిషి తట్టుకుంటాడా? ఆ గుండె పగలగొట్టే పని తనకే రాసిపెట్టి ఉండాలా?

ఆమె వెళ్లేసరికి వసారాలో దీపం వెలగడం లేదు.

“ఆర్పేశారే?”

“నువ్వు డబ్బా పట్టుకెళ్లిన రోజే ఐలీ లోపలికొచ్చేసింది,” అన్నాడు ఆర్వో మామూలుగా. “కూర్చో.”

మారెట్ కూర్చోలేదు. “ఐలీగారు దొరికారు. ఆవిణ్ని మీకు అప్పగిస్తాం. కానీ ఆ డబ్బాలో... లహ్తిగారూ, నన్ను మన్నించండి. అందులో ఉన్నది...”

“సిమెంటు,” అన్నాడాయన. “కొంచెం ఇసుక కూడా కలిపాడు వెధవ.”

“ఎవరు చెప్పారు మీకు?”

ఆర్వో బీటలువారిన అరచేతులు రెండూ బల్లమీద వెల్లకిలా పెట్టాడు.

“నలభై ఏళ్లు తాపీపని చేశాను, అమ్మాయ్.”