కడిగిన చేతులు

ఒక్క నెలలో ఆసుపత్రి రక్తక్యాన్సర్ వార్డులో ముగ్గురు పోయారు. ముగ్గురి రక్తంలోనూ ఒకటే క్రిమి.

అప్పట్నుంచి సిస్టర్ మ్వాయి గుమ్మంలోనే కాపు కాసింది. సబ్బునీళ్లతో చేతులు కడగందే ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.

"మీ పెళ్లికొచ్చినా ఇలాగే కడిగిస్తారా, సిస్టరమ్మా?" కూతురికి గంజి తెచ్చిన ములాంజే ఊరి ముసలామె ఎత్తిపొడిచింది.

"రెండుసార్లు కడిగిస్తానమ్మా."

మధ్యాహ్నం ల్యాబు నుంచి లింబని వచ్చాడు. మొన్న కుళాయిలు, మంచాలు, సీసాలు అన్నీ దూదితో తుడిచి పరీక్షకు పట్టుకెళ్లింది అతనే. మ్వాయిని పక్కకు పిలిచాడు.

"క్రిమి దొరికింది, సిస్టర్. గుమ్మం దగ్గరి సబ్బునీళ్ల సీసాలో ఉంది. దాన్ని ఎవరు నింపుతారు?"

మ్వాయి గుమ్మంలోని సీసా వైపు చూసింది. కొత్త సబ్బు రాక రెండు నెలలు దాటింది. సీసా అడుగున మిగిలినదాంట్లో రోజూ నీళ్లు కలుపుతున్నది తనే.

"నేనే," అంది.

ఆ పొద్దున కూడా ఆ నీళ్లతోనే చేతులు కడుక్కుని తొమ్మిదిమందికి సెలైన్ పెట్టింది.

లోపల్నుంచి ముసలామె పిలిచింది. "సిస్టరమ్మా, ఒకసారి రండి. ఇంత ఎండలో మా పిల్ల చలితో వణికిపోతోంది."