బులాకీలో బస్రా ముత్యం

అప్పాయమ్మ ముక్కుకున్న బులాకీ విప్పబోతే కొడుకు పోలయ్య గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. అది తియ్యకు."

"వదల్రా! గుంట ఒళ్లు పెనంలా కాలిపోతంది. నాకు నగలేటిరా ఇప్పుడు?"

చాప మీద ఆరేళ్ల మనవరాలు పున్ని కన్ను తెరవడం లేదు. నాలుగు రోజులుగా ఒకటే జ్వరం. చూసి చూసి ఆ రోజే బంద్. ట్రామ్ లేదు, బస్సు లేదు, వాట్‌గంజ్ పేట మొత్తంలో ఒక్క రిక్షా కదలడం లేదు. సందు చివర నాటువైద్యం చేసే బెంగాలీ కబిరాజు ఒక్కడే దిక్కయ్యాడు. ఆయన నాడి చూసి పెదవి విరిచాడు. అసలైన ముత్యం దొరికితే పన్నీటితో నూరి ఇస్తానని, మూడు పొట్లాలు పడితే పిల్ల లేచి ఆడుకుంటుందని చెప్పి వెళ్లాడు.

ఇంక అప్పాయమ్మకి ఆలోచనేముంది! ముత్యం ఆమె ముక్కునే వేలాడుతోందాయె.

అది మొగుడు బైరాగి ఇచ్చింది. ఖిదిర్‌పూర్ రేవు డాకులో ఓడెక్కి, కలాసీగా బస్రా దాకా పోయొచ్చేవాడు. పోయేటప్పుడు ఓడ నిండా బియ్యం, వచ్చేటప్పుడు ఖర్జూరాలు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఒక ఖర్జూరంలో గింజ తీసేసి, ఆ చోట ముత్యం దాచి డాకు గేటు దాటించాడు. "కొరకవే" అని చేతిలో పెట్టాడు. పన్ను కింద కటుక్కుమంటే ఆమె బెదిరిపోయింది. అతను పగలబడి నవ్వాడు.

అతను పోయాక కూడా అప్పాయమ్మ బులాకీ తియ్యలేదు. మొగుడు లేని దానికి ఇదేమిటని వాడలో ఆడవాళ్లు మూతులు తిప్పితే, "మొగుడు పోయినాడు గానీ ముత్తెం పోలేదు కదే!" అని నోళ్లు మూయించింది. రెండేళ్ల కిందట కళ్ల శిబిరంలో రెండు కళ్లకీ పొరలు తీసినప్పుడు మాత్రం నర్సు ఒప్పుకోలేదు, బులాకీ తీయించేసింది. కట్టు విప్పాక అద్దంలో చూసుకుని, ఇన్నాళ్లూ మసకలో చూశాను గానీ ఇది ఇంత మెరుస్తుందా అని మురిసిపోయింది.

"బంద్ అయితే ఏటి? గుంటని బుజాన ఏసుకుని పెద్దాసుపత్రికి నడిచిపోతాను" అన్నాడు పోలయ్య.

"ఈ మండుటెండలోనా? ఓలమ్మా, దార్లోనే పోతాది పిల్ల!" కోడలు జగ్గమ్మ ఒంటికాలి మీద లేచింది. "నీ బుద్ధి నాకు తెల్దేటి? మీ యమ్మ పోయాక ఆ ముత్తెం నీకు దక్కాలని! కన్నకూతురి కన్నా అదెక్కువైపోనాదా?"

పోలయ్య ఏదో అనబోయాడు. తల్లి చెయ్యి వదిలేశాడు.

అప్పాయమ్మకి కొడుకు మీద జాలేసింది. తల్లి నగంటే వాడికి ప్రాణం అనుకుంది. "పిచ్చి నాయనా, మీ అయ్య ఉంటే ఆడే తీసి ఇచ్చీసేవోడు" అంది. టీవీ మీదున్న బైరాగి ఫొటోకి దణ్ణం పెట్టుకుని బులాకీ విప్పింది.

కబిరాజు దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఖాంటీ బస్రా! అచ్చమైన ముత్యం!" అని కళ్లకద్దుకున్నాడు. కల్వంలో అది ఓ పట్టాన నలగలేదు. "అసలు సరుకు కదా మాసీ, తొందరగా లొంగదు" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మొదటి పొట్లం తేనెలో రంగరించి అప్పాయమ్మే నాకించింది. "మీ తాత ముత్తెం తల్లీ, మింగీ." పోలయ్య గడప బయట తల పట్టుకుని కూర్చున్నాడు.

రెండో పొట్లానికి పున్ని కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. కాస్త నెత్తురు కక్కింది. కబిరాజు వచ్చి చూసి, లోపలి వేడి బయటికి పోతోంది, మంచిదే అన్నాడు.

మూడోసారి పిల్ల పళ్లు బిగించింది. అప్పాయమ్మ దవడలు నొక్కి పట్టుకుని పోసింది. పోలయ్య లోపలికి వచ్చి, చూసి, మళ్లీ బయటికి పోయాడు.

మర్నాడు ట్రాములు మామూలుగా తిరిగాయి. పున్నిని పాతిపెట్టి వచ్చారు.

అప్పాయమ్మ తిన్నగా పోయి కబిరాజు చొక్కా పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

"నన్నంటావేం? నూరుతున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అది బస్రా ముత్యం కాదు, వట్టి నకిలీ. నిన్ను మీ ఆయనే ముంచాడు, పో!"

ఇంటికొచ్చి అప్పాయమ్మ ఫొటో ముందు నిలబడింది. నలభై ఏళ్లలో మొగుడి పేరు ఒక్కసారైనా పలికిన మనిషి కాదు.

"ఒరే బైరాగీ! నకిలీది కట్టబెట్టి, నా చేత్తో నా మనవరాల్నే చంపించినావు కదరా! నీకోసమా నేను ఇన్నాళ్లు ఏడిసినాను? థూ!"

ఫొటో లాగి సందులో మురుగుకాలవలోకి విసిరికొట్టింది. జగ్గమ్మ కూడా వెళ్లి దాని మీద ఉమ్మేసి వచ్చింది.

తల్లి కళ్లకి కట్టు ఉన్నప్పుడు ముత్యం బడాబజారులో అమ్మేసి, బులాకీలో గాజుపూస పొదిగించి, ఆ డబ్బుతో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ చూడ్డానికి టీవీ కొన్న పోలయ్య, ఫొటో పోయి బోసిపోయిన టీవీ మీద దుమ్ము తుడుస్తూ అప్పుడు కూడా నోరు విప్పలేదు.