ఆనపకాయల దొంగ

కూరగాయల ధరలు మండిపోతుంటే రైల్వే ట్రాఫిక్ కాలనీ వాళ్ళందరూ కలిసి క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో తోట వేశారు. పండినదాన్ని ఇంటింటికీ సమానంగా పంచుకుంటున్నారు. తోటలోకి ఎవరో కంచె దూకి వస్తున్నారని తెలియగానే, కాపలా తనే కాస్తానంది శేషారత్నం.

ఆ మధ్యాహ్నం పక్క క్వార్టర్లో ఉండే రైల్వే గార్డు ఈశ్వరరావు గోనెసంచితో కంచె దాటుతూ ఆమెకు దొరికిపోయాడు.

"ఇదేటి అన్నయ్యా? అందరి నోటికాడ కూడు ఎత్తుకుపోతారా?"

"ఎత్తుకుపోడానికి రానేదమ్మా. పెట్టేసి పోదామని వచ్చినాను."

ఆయన సంచి విప్పి చూపించాడు. అన్నీ ఆయన వాటాకు వచ్చిన ఆనపకాయలే.

"పులుసూ ఆనపకాయే, పప్పూ ఆనపకాయే. నిన్న పాయసం కూడా అదే. నన్ను సూస్తే మా పిల్లలు మంచం కింద దూరిపోతన్నారు. పారేస్తే పాపం. ఇవ్వబోతే ఎవులూ తలుపు తియ్యట్నేదు."

శేషారత్నం చేతిలోని కర్ర దించింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సరే, పెట్టేయండి. ఆ మూల పాదు కింద మాత్రం వద్దు. అక్కడ సోటు నేదు. పొద్దున్నే మావి పెట్టేసినాను."