రాహుకాలంలో పంపిన ఫైలు

"ఇంకొక్క మీట నొక్కితే అయిపోతుంది మామా," అంది స్పందన, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

పాపయ్య గోడ గడియారం వైపు చూశాడు. బుధవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. రాహుకాలం అప్పుడే మొదలైంది.

"ఉండమ్మా," అన్నాడు. "ఒకటిన్నర కానీ."

కాటన్‌పేటలో పాపయ్యది అగరుబత్తీల హోల్‌సేల్ అంగడి. పుల్లలవాళ్లకూ, పొడివాళ్లకూ, అట్టపెట్టెలవాళ్లకూ బుధవారం బుధవారం తన చేత్తో చెక్కులు రాసేవాడు. రాసిన చెక్కుల్ని వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, దండం పెట్టుకుని, మంచి వేళ చూసి ఇచ్చేవాడు. వేళ కాకపోతే ఎంత పెద్ద షావుకారైనా బెంచీ మీద కూర్చోవలసిందే.

కొడుకు దీపక్‌కు పెళ్లయింది. బీకామ్ చదివిన కోడలు అంగడికి రావడం మొదలుపెట్టింది. "రెండువేల ఆరులో కూడా చెక్కులేంది మామా," అని నవ్వింది. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి ఖాతా ఏదో అంతా ఒక్క ఫైలుగా కట్టి, ఇంటర్నెట్‌లో బ్యాంకుకు పంపే ఏర్పాటు చేసింది. ఇదే మొదటి ఫైలు. పొద్దున్నే పోవలసింది, ఖాతా నంబర్లు మళ్లీ మళ్లీ సరిచూసేసరికి ఈ వేళయింది.

"రాహువుకు కంప్యూటర్ వచ్చునా మామా? వైరులో పోయే దుడ్డును ఆయప్ప ఎట్ల పట్టుకుంటాడు?"

"సూర్యుణ్ణే మింగినోడు. నీ వైరొక లెక్కా?"

అంతలో ఫోను మోగింది. యలహంక నుంచి చౌడమ్మ. ఇంట్లోనే నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని పాపయ్యకు అట్టపెట్టెలు చేసిచ్చే మనిషి. ఇన్నాళ్లూ అట్టలు కత్తెరతోనే కోసి, బొటనవేలు కాయలు కాయించుకుంది.

"అన్నా, దుడ్డు ఇంకా రాలేదంటున్నారు. నేను బ్యాంకులోనే కూచోనుండాను. కోత మిషను అమ్మే గోపాలప్ప నా పక్కనే ఉండాడు. రెండింటికి కౌంటరు మూసేస్తారంట. అప్పటికి ఇవ్వకపోతే రేపు వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటాడు."

"వస్తుందమ్మా, కూచో," అని పాపయ్య ఫోను పెట్టేశాడు.

ఒకటిన్నర దాకా ఆగితే మిగిలేది అరగంట. నిన్న మధ్యాహ్నం పోయిన కరెంటు చీకటిపడ్డాక వచ్చింది. ఇవాళా పోతే? ఇవాళే పంపుతానని మాట ఇచ్చింది తను. పాపయ్య పటం ముందుకు వెళ్లి నిలబడ్డాడు. రాహుకాలమని ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టడం మానతామా? మరి ఒకరి కష్టం డబ్బులు వాళ్లకు ఇవ్వడానికి వేళ ఎందుకు చూస్తున్నట్టు? పటంలో స్వామి ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

"నొక్కమ్మా," అన్నాడు.

స్పందన కుర్చీలో ఇటు తిరిగింది. "నిజంగానా మామా?"

"ఆమె మిషను పోతే నా రాహుకాలాన్ని నేనేం చేసుకోను? నొక్కు."

అని చూడలేక కళ్లు మూసుకున్నాడు. వెనక టిక్కుమని చప్పుడైంది.

"పంపేసినావా?"

"ఆ, మామా."

"ఎంతసేపట్లో చేరుతుంది?"

"నిమిషం."

ఆ నిమిషం ఎంతకీ కాలేదు. చౌడమ్మ మళ్లీ ఫోను చేసింది. "దోవలో ఉండాది తల్లీ," అన్నాడు పాపయ్య. ఏ దోవో ఆయనకే తెలియదు. మనసులో స్వామికి ఒక కొబ్బరికాయ మొక్కుకుని, ఆగలేక ఇంకోటి కలిపాడు.

"చూసినావా? రాహువుకు కంప్యూటర్ బాగానే వచ్చు," అన్నాడు కోడలితో.

"వస్తుంది మామా. ముందు మీరు అన్నం తినండి."

ఆమె క్యారియరు విప్పి ఆయనకు పెట్టింది, తనూ పెట్టుకుంది. పాపయ్య ముద్ద కలిపి గిన్నెలోనే వదిలేశాడు. స్పందన కూడా తింటూ తింటూ గడియారం వైపే చూస్తోంది. పాపం, పైకి ధైర్యంగా ఉంది గానీ పిల్లకూ భయంగానే ఉన్నట్టుంది అనుకున్నాడు.

గడియారం ఒకటిన్నర కొట్టింది. పెరుగన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని స్పందన కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏమమ్మా?"

"ఎక్కడిదాకా పోయిందో చూస్తా మామా." మళ్లీ టిక్కుమంది.

కాసేపటికే ఫోను. "వచ్చింది అన్నా," అంది చౌడమ్మ. "గోపాలప్ప చేతిలో పెట్టేసినాను. మిషను ఎక్కించేదానికి టెంపో పిలుచుకొస్తానని పోయినాడు. మీరు సల్లగుండాల."

పాపయ్యకు అప్పుడు ఆకలేసింది. గిన్నెలో అన్నమంతా తిని, తృప్తిగా నీళ్లు తాగాడు.

"నిమిషమంటివి, గంటన్నర పట్టిందే?"

"బ్యాంకోళ్లు అన్నం తినొద్దా మామా?"

"బ్యాంకోళ్లు కాదు. రాహువే పట్టుకోనుంటాడు. మింగలేక కక్కేసినాడు." తన మాటకు తనే నవ్వుకున్నాడు. తర్వాత స్టూలెక్కి, గడియారం పక్కనున్న పంచాంగం క్యాలెండరు మేకు నుంచి తీశాడు.

"దీన్ని చూసి ఎంతమందిని ఊరికే ఆ బెంచీ మీద కూచోబెట్టినానో. ఇంక దీంతో పనిలేదు. వచ్చే బుధవారం నుంచి నీకెప్పుడు వీలైతే అప్పుడు నొక్కమ్మా."

స్పందన క్యాలెండరు అందుకుంది. దుమ్ము తుడిచి, తానే స్టూలెక్కి మళ్లీ ఆ మేకుకే తగిలించింది.

"యాలమ్మా, ఇంకా?"

"నాకు కావాల మామా," అని తల వంచుకుంది.

"నేను నిజంగా నొక్కింది ఒకటిన్నర దాటినాకనే."